సైలెన్సర్‌లోంచి కారే నీళ్లు: పెట్రోల్‌వా, రేడియేటర్‌వా?

డిసెంబర్ ఆఖర్లో ఆదిలాబాద్ వెళ్లాను, అక్కావాళ్లింటికి. ఆ రోజుల్లో అక్కడ తెల్లవారుజాము చలి ఏడెనిమిది డిగ్రీలకు దిగుతుంది. ఆరున్నరకు బావ కారు స్టార్ట్ చేసి, అది వేడెక్కేలోపు చాయ్ తాగుదామని లోపలికి వచ్చాడు. మళ్లీ బయటికి వెళ్లేసరికి సైలెన్సర్ గొట్టం చివర్నుంచి టప్ టప్‌మని నీళ్లు. కింద గచ్చు మీద అరచేయంత తడి, దాని చుట్టూ సిరా చిలకరించినట్టు నల్లటి చుక్కలు. గొట్టంలోంచి తెల్లటి పొగ.

"చూసినవా బామ్మర్దీ, వారం సంది ఇదే కథ. షెడ్డుల చూపిస్తే హెడ్ గ్యాస్కెట్ పోయింది, హెడ్ దింపాలె అన్నరు. ఇరవై వేల దాంక అయితదట."

"ఆ మాట అన్నాయన బానెట్ ఎత్తి కూలెంట్ డబ్బా చూశాడా బావా?"

చూడలేదట. వెనక కారుతున్న నీళ్లు చూసి చెప్పేశాడు. కూలెంట్ అంటే ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం, హెడ్ గ్యాస్కెట్ అంటే అది సిలిండర్‌లోకి పోకుండా ఇంజన్ మధ్యలో అడ్డుండే రేకు. ఈ వ్యాసం రాయాలనిపించింది అందుకే. చలికాలం వస్తే ఈ నీళ్లను చూసి భయపడేవాళ్లు ఎంతమందో, ఆ భయం మీద విప్పనక్కర్లేని ఇంజన్లు విప్పించుకునేవాళ్లూ అంతమంది ఉన్నారు. ఇంకోపక్క "చలికి అట్లాగే కారతాయిలే" అని వదిలేసి, నిజంగానే గ్యాస్కెట్ పోయిన కారును హైవే ఎక్కించి ఇంజన్ పట్టేయించుకున్నవాళ్లూ ఉన్నారు. ఇద్దరూ చూసింది ఒకటే: గొట్టం చివర నీటి చుక్క.

ఆ చుక్క రెండు చోట్ల నుంచి రావచ్చు. ఒకటి, మనం పోయించుకున్న పెట్రోల్ నుంచి. ఇది ప్రతి కారులో, ప్రతి రోజూ జరిగేదే. రెండోది రేడియేటర్ నుంచి, అంటే ఇంజన్ చుట్టూ తిరగాల్సిన కూలెంట్ దారి తప్పి సిలిండర్‌లోకి చేరి, ఆవిరై వెనక్కి రావడం. ఇది జబ్బు. బయటికి వచ్చాక రెండూ నీళ్లలాగే కనిపిస్తాయి. కాబట్టి చుక్కను చూసి తీర్పు చెప్పడం కుదరదు. అది ఎంతసేపు వస్తోంది, అది వస్తున్నప్పుడు ఇంజన్‌లో ఇంకేం తగ్గుతోంది, ఈ రెండు ప్రశ్నలకే జవాబు వెతకాలి.

ముందు పెట్రోల్ సంగతి. పెట్రోల్‌లో నీళ్లెక్కడివి అని చాలామంది అడుగుతారు. పెట్రోల్‌లో నీళ్లు లేవు, హైడ్రోజన్ ఉంది. పెట్రోల్ అంటే కార్బన్, హైడ్రోజన్ గొలుసులు కలిసిన ద్రవం. మండేటప్పుడు కార్బన్ గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి కార్బన్ డయాక్సైడ్ అవుతుంది, హైడ్రోజన్ ఆక్సిజన్‌తో కలిసి నీరవుతుంది. పెట్రోల్‌లో ఉండే ఆక్టేన్‌నే తీసుకుంటే, 114 గ్రాములు పూర్తిగా మండితే 162 గ్రాముల నీరు పుడుతుంది. మండినదానికన్నా నీళ్ల బరువే ఎక్కువ! నీటి బరువులో తొమ్మిదింట ఎనిమిది వంతులు గాలి నుంచి వచ్చిన ఆక్సిజనే కాబట్టి ఇది సాధ్యం. బంకులో దొరికే పెట్రోల్‌లో రకరకాల పదార్థాలు కలిసి ఉంటాయి కాబట్టి లెక్క కొంచెం తగ్గుతుంది. మోటుగా గుర్తుపెట్టుకోవాలంటే, లీటరు పెట్రోల్ మండితే లీటరుకు కాస్త తక్కువ నీరు. ఆఫీసుకు వెళ్లిరావడానికి రెండు లీటర్లు కాలిస్తే, దారిపొడవునా రెండు లీటర్లకు కాస్త తక్కువ నీళ్లను గాల్లోకి వదిలేసి వచ్చామన్నమాట. ఎండాకాలమైనా అంతే, వానాకాలమైనా అంతే. కనిపించదు, ఎందుకంటే ఆవిరిగా పోతుంది.

చలికాలంలో కనిపించడానికి కారణం మన వంటింట్లోనే ఉంది. అన్నం ఉడుకుతున్న గిన్నె మీద మూత తీసి తిరగేస్తే లోపల నీటి బొట్లు వరస కట్టి ఉంటాయి. ఆవిరి తనకన్నా చల్లని లోహాన్ని తాకింది, నీరైంది. కారు పొగలో ఎనిమిదో వంతు దాకా నీటి ఆవిరే ఉంటుంది. అంత ఆవిరి ఉన్న పొగ దాదాపు 50 డిగ్రీలకన్నా చల్లగా ఉన్న ఏ గోడను తాకినా అక్కడ నీరు కట్టడం మొదలవుతుంది. రాత్రంతా బయట నిలబడ్డ కారు గొట్టం ఏడు డిగ్రీల దగ్గర ఉంటుంది. ఇంజన్ పక్కన ఉండే భాగం చిటికెలో కాలిపోయేంత వేడెక్కినా, కారు వెనక భాగంలో వేలాడే పెద్ద డబ్బా, అసలు సైలెన్సర్, మూడు మీటర్ల దూరంలో బరువైన ఇనుముతో ఉంటుంది. అది వేడెక్కడానికి ఆలస్యం. ఆ ఆలస్యమంతా నీళ్లే.

నిజానికి మే నెల విజయవాడలో కూడా స్టార్ట్ చేసిన మొదటి నిమిషం గొట్టం లోపల తడి కడుతుంది, ఎందుకంటే 40 డిగ్రీల లోహం కూడా 50 కన్నా చల్లనిదే. కాకపోతే ఆ పది డిగ్రీలు ఎక్కడానికి ఎంతోసేపు పట్టదు. చలిలో నలభై ఎక్కాలి. పైగా చలి స్టార్టప్‌లో ఇంజన్‌కు పెట్రోల్ ఎక్కువ అందుతుంది, కింద పడ్డ చుక్క గచ్చు మీద త్వరగా ఆరదు, బయటికొచ్చిన ఆవిరి మంచులా తెల్లగా కనిపిస్తుంది. 30 డిగ్రీల గాలి ఘనపు మీటరుకు దాదాపు 30 గ్రాముల ఆవిరిని కనిపించకుండా దాచుకోగలదు. 10 డిగ్రీల గాలికి తొమ్మిది గ్రాములు దాటితే చోటు లేదు. మిగిలిందంతా తెల్లటి పొగగా బయటపడుతుంది. లంబసింగిలో పొద్దున మాట్లాడుతుంటే నోట్లోంచి వచ్చేదీ ఇదే.

బావ కారు పది నిమిషాలు నిలబడి తిరిగింది. చిన్న పెట్రోల్ ఇంజన్ అంతసేపు ఊరికే తిరిగితే సుమారు వంద మిల్లీలీటర్ల పెట్రోల్ తాగుతుంది. అంటే రమారమి ఒక టీ గ్లాసు నీరు పుడుతుంది. అందులో చాలా భాగం చల్లని డబ్బాలో కూర్చుంటుంది. అరచేయంత తడి అందులో ఎన్నో వంతు?

నల్లటి చుక్కల సంగతి కూడా చెప్పాలి, బావను ఎక్కువగా భయపెట్టింది అవే. వంటింట్లోంచి ఒక తెల్ల పింగాణీ ప్లేటు తెచ్చి గొట్టం కింద పెట్టాం. రెండు నిమిషాల్లో అడుగు తడిసేంత నీరు చేరింది. పక్కకు తీసి ఎండలో పెడితే కాసేపటికి నల్లటి నలుసులు ప్లేటు అడుగున దిగాయి, పైన నీరు దాదాపు తేటగా నిలిచింది. వేళ్ల మధ్య రాసి చూస్తే జిడ్డు లేదు, జారుడు లేదు. వాసన చూస్తే పొగ వాసనే. ఆ నలుసులు మసి. చలి స్టార్టప్‌లో పెట్రోల్ ఎక్కువగా పడ్డప్పుడు కొంత పూర్తిగా మండక మసి అవుతుంది. గొట్టం లోపల పాత మసి ఎటూ ఉంటుంది. నీరు దాన్ని కడుక్కుంటూ వచ్చి గచ్చు మీద చిమ్ముతుంది. కూలెంట్ అయితే వేళ్లకు జారుడుగా, పలచటి సబ్బునీళ్లలా తగులుతుంది, తియ్యటి వాసన ఉంటుంది. కొన్ని షెడ్డుల్లో ఆ తీపి తెలుసుకోవడానికి నాలిక మీద పెట్టుకునేవాళ్లను చూశాను. దయచేసి ఆ పని చేయకండి. కూలెంట్‌లో ఉండే ఎథిలీన్ గ్లైకాల్ విషం. కొద్దిగా తాగినా కిడ్నీలు దెబ్బతింటాయి. తియ్యగా ఉంటుంది కాబట్టే కుక్కలూ పిల్లలూ దాని జోలికి పోతారు, కింద ఒలికితే వెంటనే కడిగేయాలి.

నీళ్లు కారితే "క్యాటలిటిక్ కన్వర్టర్ బాగా పనిచేస్తోందని గుర్తు" అని ఒక మాట ప్రచారంలో ఉంది. కన్వర్టర్ అంటే పొగలోని విషవాయువులను శుద్ధి చేసే డబ్బా. ఆ మాట సగం కూడా నిజం కాదు. కన్వర్టర్ మండకుండా మిగిలిన కొద్దిపాటి పెట్రోల్ ఆవిరిని మండించినప్పుడు కాస్త నీరు పుట్టే మాట వాస్తవమే, కానీ నీళ్లలో అధిక భాగం అంతకుముందే సిలిండర్‌లో పుట్టేసింది. మన దేశంలో నాలుగు మహానగరాల్లో కొత్త పెట్రోల్ కార్లకు కన్వర్టర్ తప్పనిసరి అయింది 1995లో. అంతకుముందు తిరిగిన అంబాసిడర్లూ పద్మినీలూ చలి ఉదయాల్లో నీళ్లు కార్చినవే. అలాగే "ఇ20 పెట్రోల్ వచ్చాకే ఈ నీళ్లు" అనేవాళ్లున్నారు. ఇ20 అంటే ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్. ఇథనాల్ లీటరు మండినా పుట్టే నీరు పెట్రోల్‌తో దాదాపు సమానమే. ఇథనాల్‌కు తేమ పీల్చుకునే గుణం ఉన్న మాట నిజం, ట్యాంకులో నీళ్లు ఎక్కువైతే అడుగున విడిపోయి చేరే మాట కూడా నిజం. కానీ ఆ నీళ్లు ఇంజన్‌లోకి వెళ్తే బండి కుదుపులతో ఆగిపోతుంది తప్ప, హాయిగా తిరుగుతూ వెనక చుక్కలు రాల్చదు.

సీఎన్‌జీ బండ్లవాళ్లు మాత్రం ఇంకా ఎక్కువ నీళ్లకు సిద్ధపడాలి. సీఎన్‌జీ అంటే ప్రధానంగా మీథేన్, అందులో హైడ్రోజన్ పాలు ఎక్కువ. కిలో మీథేన్ మండితే రెండుంబావు కిలోల నీరు. పొద్దున్నే ఆటోల సైలెన్సర్లు గమనించండి, కారుతూనే ఉంటాయి. డీజిల్‌ది దీనికి తలకిందులు. లీటరుకు పుట్టే నీరు తక్కువేం కాదు, కానీ డీజిల్ ఇంజన్ అవసరానికి మించి గాలి పీలుస్తుంది. ఆ గాలిలో ఆవిరి పలచబడిపోయి గొట్టానికి అంత తేలిగ్గా పట్టదు. అందుకే చలిలో పక్కపక్కన నిలబెడితే పెట్రోల్ కారు కారుతుంది, డీజిల్ కారు కారదు. పెట్రోల్ కారు అతను కంగారు పడతాడు.

ఇక జబ్బు సంగతికి వస్తాను, అసలు చిక్కు ఇక్కడే ఉంది.

ఇంజన్‌లో కింది భాగం బ్లాకు, పై భాగం హెడ్డు. రెంటి మధ్య పలచటి రేకులాంటిది హెడ్ గ్యాస్కెట్. ఆ సన్నటి రేకు మూడింటిని విడివిడిగా ఉంచాలి: మంట, కూలెంట్, ఆయిల్. మంట 2,000 డిగ్రీలు దాటుతుంది, దానికి అతి దగ్గర్లోనే 90 డిగ్రీల దగ్గర కూలెంట్ ఒత్తిడితో తిరుగుతుంటుంది. ఇంజన్ ఒక్కసారి బాగా హీటెక్కితే హెడ్డు వంగుతుంది, రేకు ఎక్కడో ఒకచోట పట్టు వదులుతుంది. ఎక్కడ వదిలిందన్నదాన్ని బట్టి లక్షణం మారుతుంది. సిలిండర్‌కూ కూలెంట్ దారికీ మధ్య పోతే తెల్లపొగ, లేదా రేడియేటర్‌లో బుడగలు. కూలెంట్‌కూ ఆయిల్‌కూ మధ్య పోతే ఆయిల్ పాలు కలిపిన కాఫీలా మారుతుంది, వెనక పొగే రాకపోవచ్చు. కాబట్టి "గ్యాస్కెట్ పోయింది" అనేది ఒక జబ్బు పేరు కాదు, మూడు నాలుగు జబ్బుల ఉమ్మడి పేరు. ఎవరైనా ఆ మాటంటే ఏ దారికీ ఏ దారికీ మధ్య పోయింది, ఎలా తెలిసింది అని అడగడం మన హక్కు.

మామూలు నీళ్లకూ ఈ నీళ్లకూ పెద్ద తేడా కాలం. పెట్రోల్ నీళ్లు గొట్టం వేడెక్కగానే ఆగిపోతాయి. పది పదిహేను కిలోమీటర్లు ఆగకుండా నడిపాక, బండి దిగి చూస్తే గొట్టం పొడిగా ఉండాలి, పొగ కనిపించకూడదు, మరీ చలి ప్రాంతమైతే గొట్టం మూతి దాటగానే పలచబడి మాయమవ్వాలి. కూలెంట్ పొగ వేడెక్కినా ఆగదు. చిక్కగా ఉంటుంది, కారు వెనక చాలా దూరం నేల మీద పాకుతూ నిలుస్తుంది, వెనక వచ్చేవాళ్లు హారన్ కొట్టి చెప్తారు.

కానీ కాలం ఒక్కదాన్నే నమ్మితే మోసపోయే సందర్భం ఒకటుంది, దీన్ని జాగ్రత్తగా వినండి. గ్యాస్కెట్ పోవడం మొదట్లో వెంట్రుకవాసి చీలికతో మొదలవుతుంది. వేడి ఇంజన్ ఆపాక కూలెంట్‌లో ఒత్తిడి ఇంకా గంటల తరబడి ఉంటుంది, సిలిండర్‌లో ఉండదు. అప్పుడు ఆ చీలికలోంచి చెంచాడు కూలెంట్ రాత్రికి రాత్రి ఒక సిలిండర్‌లోకి ఊరుతుంది. పొద్దున సెల్ఫ్ కొడితే ఆ సిలిండర్ మండదు. ఇంజన్ పది ఇరవై సెకన్లు కుంటుతుంది, వెనక గుప్పున తెల్లపొగ లేస్తుంది, ఆ తర్వాత అంతా సర్దుకుంటుంది. బయటినుంచి చూస్తే ఇదీ చలికాలపు పొద్దుటి పొగే! తేడా ఆ కుంటడంలో ఉంది. ఆరోగ్యంగా ఉన్న ఇంజన్ చలిలో కాస్త ఎక్కువ స్పీడుతో తిరుగుతుంది గానీ ఒక కాలు విరిగినట్టు కుదపదు. రెండో తేడా కూలెంట్ డబ్బాలో.

ఆ డబ్బా దగ్గరే అసలు పరీక్ష, ఖర్చు ఒక మార్కర్ పెన్ను. రాత్రంతా నిలబడ్డ కారు, స్టార్ట్ చేయకముందే బానెట్ ఎత్తి, తెల్లటి ప్లాస్టిక్ డబ్బాలో కూలెంట్ ఎక్కడిదాకా ఉందో అక్కడ గీత గీయండి. తేదీ రాయండి. వేడి మీద చూడొద్దు, వేడికి కూలెంట్ పొంగి మట్టం పైకి కనిపిస్తుంది, మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. వారం పది రోజులు మామూలుగా తిప్పి, మళ్లీ అలాగే చల్లగా ఉన్నప్పుడు చూడండి. గీత దగ్గరే ఉంటే వెనక నీళ్లు పెట్రోల్‌వే. దిగితే ఎటో పోతోంది. అప్పుడు కూడా నేరుగా గ్యాస్కెట్ అనుకోవద్దు. ముందు కింద పైపులూ, క్లిప్పులూ, వాటర్ పంపూ, రేడియేటర్ అతుకులూ చూడాలి. బయట ఎక్కడా తడి లేకుండా మట్టం దిగుతుంటేనే లోపలి అనుమానం. రేడియేటర్ మూత మాత్రం వేడి మీద ఎప్పుడూ తిప్పకండి. లోపల ఒత్తిడి కింద ఉన్న నీరు వంద డిగ్రీలు దాటి కూడా మరగకుండా ఉంటుంది, మూత వదలగానే ఒక్కసారి ఆవిరై మొహం మీదికి లేస్తుంది.

మట్టం నిజంగా దిగుతోందనుకోండి. అప్పుడు షెడ్డువాళ్లను అడగాల్సింది హెడ్డు దింపమని కాదు, పరీక్ష చేయమని. నీలిరంగు ద్రవం పోసిన గాజు గొట్టాన్ని రేడియేటర్ మూతి మీద పెట్టి, ఇంజన్ తిరుగుతుండగా లోపలి గాలిని రబ్బరు బుడ్డితో ఆ ద్రవంలోంచి పీలుస్తారు. మంట గాలి కూలెంట్‌లోకి చొరబడి ఉంటే అందులోని కార్బన్ డయాక్సైడ్‌కు నీలం ఆకుపచ్చై, పసుపుపచ్చగా తిరుగుతుంది. ఒక పాత పెట్రోల్ కారుకు చేస్తుంటే దగ్గరుండి చూశాను. ఆ కారు వారానికి అర లీటరు చొప్పున కూలెంట్ తాగుతోంది. నాలుగైదు సార్లు బుడ్డి నొక్కేసరికి నీలం వెలిసిపోయి, రెండు నిమిషాల్లో నిమ్మపండు రంగుకొచ్చింది. ఆ కారు ప్లగ్గులు విప్పితే మూడు గోధుమరంగులో ఉన్నాయి, నాలుగోది కడిగి తుడిచినట్టు తెల్లగా ఉంది. ఆవిరి దాన్ని రోజూ కడుగుతోంది. అప్పుడు హెడ్డు దింపమని చెప్పడానికి ఎవరికీ సందేహం ఉండదు. కంప్రెషన్, అంటే ఒక్కో సిలిండర్‌లో గాలి ఎంత ఒత్తిడికి నొక్కుకుంటోందో చూడటం, కూలెంట్ దారికి పంపుతో ఒత్తిడి పట్టి అది నిలుస్తుందో లేదో చూడటం కూడా గంటలోపు అయ్యే పనులే. ఈ మూడింట్లో ఒక్కటైనా చేయకుండా ఇంజన్ విప్పనివ్వకూడదని నా గట్టి అభిప్రాయం.

ఆయిల్ మూత కింద మీగడలాంటి తెల్లటి జిగురు చూసి కూడా చాలామంది హడలిపోతారు. చలికాలంలో రోజూ రెండు మూడు కిలోమీటర్లే తిరిగే కారులో అది మామూలు. ఇంజన్ లోపలి తేమ మూతకు పట్టి ఆయిల్‌తో చిలికినట్టవుతుంది. ఆయిల్ మట్టం కొలిచే కడ్డీ, డిప్‌స్టిక్, లాగి చూడండి. దాని మీద ఆయిల్ తేనెరంగులోనో నల్లగానో శుభ్రంగా ఉంటే భయం లేదు. స్టిక్ మీద కూడా కాఫీరంగు ఉండి, ఆయిల్ మట్టం పెరిగినట్టుంటే బండి అక్కడే ఆపేయాలి. డీజిల్ బండ్లలో ఇంకో దొంగ ఉంటాడు: ఈజీఆర్ కూలర్. పొగలో కొంత చల్లబరిచి మళ్లీ ఇంజన్‌కు పంపే ఆ డబ్బాలో కూలెంట్ తిరుగుతుంది, అది లోపల చిల్లుపడితే గ్యాస్కెట్ బాగానే ఉన్నా తెల్లపొగ వస్తుంది, కూలెంట్ తగ్గుతుంది. డీజిల్‌కు హెడ్డు దింపే ముందు దాన్ని చూడమనండి.

పెట్రోల్ నీళ్లు జబ్బు కాకపోయినా వాటివల్ల నష్టం ఒకటుంది. పొద్దున పాలకోసం, సాయంత్రం కూరలకోసం కిలోమీటరు కిలోమీటరు తిరిగే కారులో సైలెన్సర్ ఎప్పుడూ పూర్తిగా వేడెక్కదు, పుట్టిన నీరు అందులోనే నిలుస్తుంది. పొగలోని ఆమ్లాలు ఆ నీటిలో కరిగి ఇనుమును లోపలినుంచి తింటాయి. కొత్త కాలుష్య ప్రమాణాల (బీఎస్-6) పెట్రోల్‌లో గంధకం పది లక్షల వంతుల్లో పదికి (10 పీపీఎం) తగ్గింది కాబట్టి ఈ బాధ మునుపటంత లేదు, అయినా తుప్పు తుప్పే. చాలా సైలెన్సర్ డబ్బాలకు అడుగున నీరు పోవడానికి సూదిమొనకన్నా కాస్త పెద్ద రంధ్రం కంపెనీవాళ్లే పెడతారు. అక్కడినుంచి చుక్కలు పడుతుంటే డబ్బా చిల్లుపడిందని వెల్డింగ్ చేయించేవాళ్లున్నారు. అది మూస్తే డబ్బా త్వరగా పోతుంది. ఇంజన్‌ను నిలబెట్టి పావుగంట వేడిచేసే అలవాటు కూడా నీళ్లను పెంచుతుందే తప్ప సైలెన్సర్‌ను ఆరబెట్టదు. అర నిమిషం తిరగనిచ్చి, మొదటి రెండు మూడు కిలోమీటర్లు మెల్లగా నడపడం మేలు. మిన్నియాపోలిస్‌లోనో టొరంటోలోనో ఉండే మనవాళ్లు సున్నాకు ఇరవై కింద చలిలో ఇంట్లోంచే రిమోట్‌తో స్టార్ట్ చేసి వదిలేస్తుంటారు. అక్కడ ఈ నీరు గొట్టంలోనే గడ్డకట్టి మూతిన మంచు వేలాడుతుంది. అలాస్కాలోని ఫెయిర్‌బ్యాంక్స్‌లో చలి సున్నాకు నలభై కిందికి దిగినప్పుడు కార్ల పొగలోని ఆవిరి సన్నటి మంచు నలుసులై ఊరి మీద పొగమంచులా పేరుకుపోతుంది. ఎక్కడున్నా సరే, ఇదంతా పరిశీలించేది ఆరుబయటే. షట్టర్ వేసిన గ్యారేజీలో ఇంజన్ తిప్పితే కనిపించని, వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ మనిషిని నిమిషాల్లో పడగొడుతుంది.

ఆ రోజు బావ కారు డబ్బా మీద గీత గీసి, తేదీ వేసి, నిర్మల్ రోడ్డెక్కించాం. ఇరవై కిలోమీటర్ల తర్వాత ఒక చాయ్ హోటల్ దగ్గర ఆపి, ఇంజన్ తిరుగుతుండగానే వెనక్కెళ్లి చూశాం. గొట్టం మూతి పొడిగా, బూడిదరంగు మసితో ఉంది. పొగ లేదు. వేడి గాలికి వెనకున్న రోడ్డు వణుకుతున్నట్టు కనిపించిందంతే. సంక్రాంతి వెళ్లిన రెండో రోజు పొద్దున బావ ఫోన్లో ఫొటో పంపాడు: డబ్బా మీద నల్లటి గీత, సరిగ్గా దాని అంచునే ఆకుపచ్చ కూలెంట్. కింద ఒక్క ముక్క రాశాడు, "గీత కాడనే ఉన్నది."